తెర యాడుండాది?

నేను బోరు మోటార్లకు తీగ చుట్టేవాణ్ని.
కాలిన కాయిలు వాసన చూసి
బోరు ఎన్ని అడుగుల్లో ఎండిందో చెప్పగలను.
పిల్లోళ్ల ల్యాప్‌టాప్ సంగతి నాకేం ఎరుక?

"ఆదివారం నీ షెడ్డు మూసే ఉంటాది గదా మామా,
బల్ల ఒక్కటి ఇయ్యి" అనింది చౌడేశ్వరి.
పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, నోరు జాస్తి.
బల్ల ఇస్తా, టీ ఖర్చు నాది కాదన్నాను.
రెండో వారానికే నాదయింది.

పేరు కోసం మూడు వారాలు కొట్లాడుకొని
పేరు లేకుండానే షట్టరు ఎత్తినాం,
తాడిపత్రిలో, యల్లనూరు రోడ్డు పక్కన,
బండల పాలిష్ మిషన్ల రొద నడుమ.
బడిలో ఇచ్చినవి, చెడిపోయి మూలబడినవి
సిమెంటు సంచుల్లో వచ్చినాయి,
పాత లంగాలో చుట్టుకొని వచ్చినాయి,
ఒకటైతే బియ్యం డబ్బాలోంచి నేరుగా.

విప్పితే లోపలంతా మా ఊరే.
పగలంతా బండలు కోసి
అమ్మలు కుచ్చిళ్లలో, నాయనలు జేబుల్లో
తెలియకుండా మోసుకొచ్చిన తెల్లటి పొడి
అక్షరాల కింద మేట వేసింది.
'క' నొక్కితే పైకి లేవదు.
ఫ్యాను తిరగలేక దగ్గుతుంది,
అచ్చం మా నాయన చివరి ఏడాది దగ్గినట్టు.
ఇంటికి పోయి ఆయన గడ్డం బ్రష్షు తెచ్చినాను.
దానికి మళ్లీ పని దొరికింది.

నబీ రసూల్ సెల్‌ఫోన్ల అంగడి మూసి వచ్చేవాడు,
వచ్చే వారం కుదరదని ప్రతి వారం చెబుతూ.
చౌడేశ్వరి వాళ్లమ్మ ఇడ్లీ రేకుల్లో
ఒక్కో గుంటలో ఒక్కో మిషన్ మరలు.
ఆ ఇంట్లో ఆదివారం ఇడ్లీ లేదు.
సులోచన టీచరు పుస్తకం పెట్టి
వచ్చింది, పోయింది, బతికింది, చచ్చింది
అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసేది.

చెప్పుకోకూడదు గానీ
మొదటి నెల మేం చంపినవే ఎక్కువ.
ఒకటి నేనే చంపినాను.
ప్లస్సు మైనస్సు తారుమారు. చిన్న మెరుపు. అంతే.
ముప్పై ఏళ్లు తీగతో బతికినోడి చేతిలో.
బతికున్న ముక్కలు తీసి నలుగురికి పంచినాం.

హుసేన్ బీ వచ్చింది. ఏడో తరగతి.
"అది ముందే పోయినాది పాపా" అన్నాను.
ఆ పిల్ల నన్ను చూడలేదు, పుస్తకం తెరిచింది,
వేలు పెట్టుకొని గట్టిగా చదివింది:
"పక్కీరప్ప చేతిలో కాలింది.
బ్యాటరీ చుక్కలూరికి. మీటలు ఇద్దరికి.
తెర నందలపాడు, ఆదెమ్మకు."
షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.
టీచరు పెన్ను మూత పెట్టి తీసి పెట్టింది.

"తెర యాడుండాది? నేను చూడాల."

మోపెడ్ మీద తీసకపోయినాను.
ఆదెమ్మ గడపలో కూచొని లెక్కలు చేస్తోంది.
తెర కింది మూలన
హుసేన్ బీ అంటించి పీకేసిన బొమ్మ జిగురు
ఇంకా చంద్రవంకలా ఉంది.
దాన్ని గోటితో తాకింది.
ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు.
"ఎండలో పెట్టొద్దు, మచ్చ పడతాది" అని చెప్పి
వచ్చి మోపెడ్ ఎక్కింది.
దారి పొడుగునా ఒక్క మాట లేదు.
క్షమించమని అడగడం
ఇంజన్ శబ్దంలో కుదరలేదని ఇప్పటికీ చెప్పుకుంటా.

మరుసటి ఆదివారం నేను పోయేసరికి
షట్టరు ముందర కూచోని ఉంది.
చేతిలో వాళ్లక్క గోళ్ల రంగు సీసా.
బల్ల మీదున్న ప్రతి బ్యాటరీ తీగకీ
ఒకవైపు ఎర్ర చుక్క పెట్టి, ఊది, ఆరబెట్టి,
మీటరుతో ఒకసారి, మళ్లీ ఒకసారి చూసి అంది:
"ఎర్రది ప్లస్సు తాతా.
ఇంక పొరపాటు చేస్తే నీ ఇష్టం."

ఆ పిల్ల వంతు ఇంకా రాలేదు.
పుస్తకంలో పేరు ఐదోది.
పైనున్న నలుగురివీ
ఆమే విప్పుతోంది.