ఉత్త తూటా

తప్పు తాతదే.
మొట్టమొదటిసారే పన్నెండు బోరు చేతికిచ్చాడు,
జీడితోట గట్టు మీద, ఎవరూ చూడకుండా.
అది తన్నింది.
గాడిద తన్నినట్టు కాదు,
సొంతమనిషి తన్నినట్టు.

భుజం మీద కమిలిన మచ్చ
నేరేడు రంగు నుంచి పసుపుకి తిరిగి
పదిరోజుల్లో పోయిందట.
పోయింది చర్మం మీద.

అడవివరం దాటాక, కొండ చెక్కి కట్టిన రేంజిలో
తుపాకులకి నూనె పెట్టేవాణ్ణి నేను.
విశాఖ ఉప్పుగాలికి ఇనుమంటే మహా ఆకలి.
ఒక్క వానాకాలం ఏమరితే చాలు
గొట్టం లోపల ఎర్రగా పూసేస్తుంది తుప్పు.
ముప్పయ్యేళ్ళుగా నా గోళ్ళు నల్లగానే ఉన్నాయి,
పెళ్ళిభోజనాల్లో చెంచా అడుగుతాను.

సన్నిబాబు గారు దేవరాపల్లి బస్సు దిగి వచ్చారు.
వెనకాల మనవరాలు పైడిమాంబ, చెప్పులు చూసుకుంటూ.
"పిల్లకి మంచి రైఫిలు చూడవయ్యా. పెద్దది.
ఒక్క దెబ్బకి కణితి కూలిపోవాల."
"కణితులెక్కడున్నాయి బాబూ,
ఉన్నా ఇప్పుడు కొట్టనిస్తారా?"
"కొడతానన్నానేటి? కూలేలాగుండాలన్నాను."

నేను తుపాకీల వైపు వెళ్ళలేదు.
ముందు టేపు తీసి
పిల్ల మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాను,
దర్జీవాడు కొలిచినట్టు.
కర్ర రెండంగుళాలు కోయాలి.
వెనక రబ్బరు మెత్త.
గొట్టం మాత్రం బరువుగానే ఉండాలి.
చిన్నపిల్లకి తేలికది చాలంటారు అందరూ,
తేలికదే గట్టిగా తంతుందని
తన్నించుకున్నాక గాని తెలీదు.
బరువే కదా దెబ్బని తాగేది.

ఇరవై రెండు బోరు తూటా అరచేతిలో పెడితే
పెద్దాయన నవ్వాడు:
"ఏటిది, లవంగమా?"

పడుకోబెట్టి, చెవులకి బిరడాలు పెట్టి,
తూటాలు నేనే ఒక్కొక్కటీ ఎక్కించాను.
ఒకటి పేలింది. రెండు పేలింది.
మూడోది ఉత్తది. పిల్లకి చెప్పలేదు.

టిక్.

పేలని తూటాకి
పిల్ల ఒళ్ళంతా పేలింది.
కళ్ళు గట్టిగా మూసుకుంది, గొట్టం జానెడు కుంగింది,
భుజం ఎక్కడికో పారిపోయింది.

"తుపాకీ తన్నలేదు కదమ్మా,
మరెవరు తన్నారు?"
చాలాసేపు ఇసుకబస్తా కుట్టు వైపు చూసి
"ఆరోజు" అంది.

పెద్దాయన కొండవైపు తిరిగి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

నేనేమీ అనలేదు. అనడానికి నాకేం అర్హత?
డాక్‌యార్డులో లేత్ నా వేలు తీసుకుని పంతొమ్మిదేళ్ళు.
ఇప్పటికీ ఏ వీధిలో మిషను తిరిగినా
ఎడమచెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.
మా ఇంట్లో మిక్సీ వేసేముందు
నా భార్య దగ్గుతుంది.

ఆ మధ్యాహ్నమంతా గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టి
ఉత్త తూటాలే నొక్కించాను.
బిళ్ళ పడింది. మళ్ళీ పెట్టాను. పడింది.
పెద్దాయన వంగి ఏరి ఇస్తూ, నడుం పట్టుకుంటూ,
ఒక్కసారి కూడా విసుక్కోలేదు.
సింహాచలం పనసపండ్ల ఆటో గేటు దగ్గర ఆగి వెళ్ళిపోయింది.
ఎండ కొండ దిగడం మొదలెట్టింది.

ఎన్నోసారో లెక్క లేదు.
టిక్.
బిళ్ళ కదల్లేదు.
ఊపిరి విడిచాక కూడా కదల్లేదు.

"ఏటీ తగల్లేదు కదా" అన్నాడు పెద్దాయన,
చిన్నగా, గుళ్ళో మాట్లాడినట్టు.
"ఏటీ తగల్లేదు బాబూ."

పైడిమాంబ లేచి మోచేతుల ఇసుక దులుపుకుని
బిళ్ళ తీసి జేబులో వేసుకుంది.
నాది అది.
అడగలేదు.