తూటికూర

నారాయణగూడలో మెట్ల కింద మా ఆఫీసు.
బల్ల మీద గాజు, గాజు కింద వియత్నాం:
అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు,
పొద్దుటి టిఫినుతో కలిపి.

"చివర్న చిన్నక్షరాల్లో ఈ ఊరేంటి?"
కళ్ళజోడు నుదుటి మీదికెత్తి అడిగాడాయన.
"పల్లెటూరండీ. వరి పండిస్తారు."
"చూడ్డానికేముంది?"
నోరు తెరిచాను.
అదృష్టం, అప్పుడే ప్రింటర్ కాగితం మింగింది.

ఏం చెప్పను.
మృగశిర కార్తెలో గుంపును తీసుకెళ్ళి
జ్వరమొచ్చి నేనక్కడే మిగిలిపోయాను,
బా న్యుంగ్ ఇంట్లో, తొమ్మిది రోజులు.
బా అంటే అవ్వ.
ఆ భాషలో నాకొచ్చిన మొదటి మాట. ఆఖరిదీ అదే.

చూడ్డానికేం లేదు.
చెరువులోంచి కోసుకొచ్చిన తూటికూర కాడల్ని
గడపలో కూచుని నిలువునా చీల్చేది,
దారాల్లాగా, ఒక్కొక్కటీ.
కట్ట పూర్తయ్యేసరికి నీడ గడప దిగిపోయేది.
నాకూ ఒక కత్తి ఇచ్చింది.
నా దారాలు మోకులయ్యాయి.
నవ్వలేదు. వాటిని కోడిపిల్లల వైపు జరిపింది.

మూడో రోజు ఫోను ఎక్కడుందో మర్చిపోయాను.
అయిదో రోజు మిరపమడిలో కలుపుకి కూచున్నాను.
ఏడో రోజు ఏం జరిగిందో గుర్తులేదు,
బాగా జరిగిందని మాత్రం గుర్తు.

అన్ని రోజుల్లో ఒక్కసారే పరుగెత్తాను:
వాకిట ఆరబోసిన వడ్ల మీద చినుకు పడ్డప్పుడు.
ఊరు ఊరంతా పరుగెత్తింది,
ఎవరి వడ్లో, ఎవరి చేతులో.

ఇదంతా కౌంటరు దగ్గర చెప్పే సంగతేనా?

ఆదివారం నాగోలులో మెట్రో దిగి
మూసీ పక్కన నడవడం మొదలుపెట్టాను.
వంతెన కింద నురగ మంచుకొండలా ఉంది;
వాసన మాత్రం మంచుది కాదు.
పీర్జాదిగూడ దాటాక పశువుల గడ్డి,
ఆ నీళ్ళే తాగి అంత పచ్చగా ఎలా ఉందో.
కారులో అరగంట దారి.
ప్రతాపసింగారం చేరేసరికి రెండున్నర.

గట్టు మీద గోంగూర కట్టలు కడుతున్న జంగమ్మ
తలెత్తకుండానే అడిగింది:
"ఏ బిల్డరు పంపిండు నిన్ను?"
"ఎవరూ లేదమ్మా. ఊరికే నడుస్తున్నా."
"ఊకెనే ఎవడు నడుస్తడు?"

నీళ్ళిచ్చింది. కూచున్నాను. చెప్పాను.
"గాడ కలుపు తీసినవా! కూలెంత ఇచ్చిన్రు?"
"నేనే ఇచ్చానమ్మా. రోజుకి పన్నెండు వందలు."
చేతిలో కట్ట జారిపోయింది జంగమ్మకి.
"ఓ లచ్చవ్వా! ఇటు రాయే!
ఈ పిలగాడు పైసలు గట్టి కలుపు దీసిండంట!"
అవతలి మడిలోంచి నవ్వు ముందొచ్చింది,
లచ్చవ్వ వెనకొచ్చింది.
"నా కాడ ఫిరీ. రేపట్నుంచి రా."

కాలవ అంచున దాన్ని గుర్తుపట్టాను,
అదే ఆకు, అదే ఊదా పువ్వు.
"తూటికూర కదమ్మా ఇది?"
"మా అవ్వ వండేది. ఇప్పుడు బర్లు గూడ ముట్టయి.
ఆ నీళ్లు సూసినవు గదా."
కాడ ఒకటి తుంచి గోరుతో చీల్చాను.
లోపలంతా ఖాళీ. అందుకే ఆ పేరు.
ఇద్దరం కాసేపు ఆ ఖాళీనే చూశాం.

కార్తీకం వెళ్ళినా వదలని మబ్బు.
ఔటర్ పక్కన, సర్వీసు రోడ్డు మీద,
అర కిలోమీటరు పొడుగున ఆరబోసిన వడ్లు.
వాటి మీద టప్పున ఒకటి.
జంగమ్మ లేచింది. లచ్చవ్వ కొంగు బిగించింది.
నా జేబులో ఫోను,
ఆ కళ్ళజోడాయనే కావచ్చు.

నల్ల పట్టాకి మూడు కొసలు దొరికాయి.
నాలుగోది గాలిలో టపటపా కొట్టుకుంటోంది.

చెప్పులు ఏ గట్టు మీద వదిలానో
ఇప్పటికీ తెలీదు.