ఎర్ర చీటీ

కయానీలో జనవరి. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
సూపర్‌మార్కెట్ వెనక గదిలో
డెబ్బై రెండేళ్ళ హెల్కా ముస్తోనెన్ ముక్కు మీద
కళ్ళజోడు సర్దుతున్నాను.
అంచుల్లో బియ్యపుగింజంత కెమెరాలు.
ఆమె ఎటు చూస్తే అటు
నా తెరమీద ఒక ఆకుపచ్చ చుక్క.
"మామూలుగా కొనుక్కోండి," అన్నాను.
"ఒకరు చూస్తుంటే మామూలేమిటి?" అంది.

పాలు, రై రొట్టె, ఉప్పుచేప.
నింపాదిగా నడిచిన చుక్క
పెరుగుల అలమర దగ్గర ఎగిరిపడింది.
నీలం, తెలుపు, నీలం, తెలుపు డబ్బాల మధ్య
ఒకే ఒక్క ఎర్ర చీటీ: ముప్పై శాతం తగ్గింపు.
తను చూసినట్టు ఆమెకింకా తెలీదు.

ఆకుల్లో పండిన ఎరుపును
ముందుగా పట్టుకున్న కన్ను బతికింది.
పట్టుకోలేనిది
ఎవరికీ అవ్వ కాలేదు.
ఆ కన్నే తరం నుంచి తరానికి అరువు మారుతూ
ట్యూబులైట్ల కిందికి వచ్చి
ట్రాలీ తోస్తోంది.

పక్క వరసలో ఓట్స్ పెట్టె మీద కుందేలు.
పెద్ద కళ్ళు, చిన్న గడ్డం, ఉబ్బు బుగ్గలు,
పాపాయి కొలతలిచ్చి మేమే గీయించాం.
చూపు కాస్త కిందికి, ట్రాలీలో కూర్చున్న పిల్లవాడి ఎత్తుకి.
హెల్కా పలకరించబోయి పెదవి కదిపి
తమాయించుకుంది.
అట్టముక్క ముందు సిగ్గుపడింది.

చివరి పరీక్ష జామ్‌ల దగ్గర.
అలమరంతా పొద్దున నేనే ఖాళీ చేశాను.
రెండు సీసాలుంచి, పైన రాశాను: ఇవే మిగిలాయి.
కరువెరిగిన కడుపు ఏం చేస్తుందో మాకు తెలుసు.
ముందొచ్చిన వాళ్ళలో చాలామంది రెండూ ఎత్తుకెళ్ళారు.
ఆమె చెయ్యీ రెండింటి మీదికీ వెళ్ళింది.
చుక్క అటూ ఇటూ కొట్టుకుంది, దీపప్పురుగులా.
ఒకటి తీసుకుంది.
రెండోదాన్ని ముందుకి జరిపి
లేబుల్ బయటికి కనబడేలా తిప్పి పెట్టింది.

"అదెందుకు వదిలారు?"
ప్రశ్నపత్రంలో లేదు. నేనే అడిగాను.
"హిల్లా పళ్ళకి చిత్తడినేలలోకి పోతే
మా అమ్మ దిబ్బకొకటి ఉంచేది.
ఎలుగుబంటికి అనేది.
పెద్దయ్యాక తెలిసింది,
మాతో మాటల్లేని పొరుగావిడ ఐని
మా వెనకే వచ్చేదని."

నా పట్టికలో దానికి గడి లేదు.
"ఇతరములు" అని రాశాను.
హెల్సింకీ నుంచి ఫోన్‌లో యోర్మా అన్నాడు:
"ఆ ఒక్కటీ తీసెయ్, సగటు చెడుతోంది."

కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టాను.
ఆమె సంచీలో ఎర్ర చీటీ పెరుగు.
"ఇదెప్పుడు తీసుకున్నాను నేను!"
నవ్వుకుంటూ మంచులోకి వెళ్ళిపోయింది.

రాత్రి కొట్టు మూసేముందు
మిగిలిన ఆ సీసా నేనే కొన్నాను.
మా ఇంట్లో జామ్ ఎవరూ తినరు.