మొక్కు గొడుగు

మరియమ్మా,
గొడుగు కొన్నది పోయిన వానలకి ముందే.
ఊదా మఖమలు, అంచున జరీ కుచ్చు,
రెండు మేకపిల్లలమ్మిన డబ్బు.
కాళ్ళు నయమైతే నీ గుడికి తెస్తానని మొక్కు.
గోనెలో చుట్టి మంచం కింద పెట్టాను.

నా కాళ్ళు నీకు తెలుసు.
గోజ్జాం కొండల మీద చెప్పులెరగని వాళ్ళం,
ఎర్రమట్టిలో తెఫ్ చల్లే ముందు
దుక్కిని మడమలతో తొక్కిన వాళ్ళం.
ఆ మన్నే లోపలికి దూరిందని
ఆరోగ్యకేంద్రం పిల్ల చెప్పింది.
మా అత్త శాపమంది.
నేను రెండూ నమ్మాను, రోజు మార్చి రోజు.

తీర్థం బుగ్గలో ఏడు రోజులు మునిగాను.
ఎనిమిదో రాత్రి
గజ్జల్లో బిళ్ళలు కట్టి ఒళ్ళు పెనమైంది.
అప్పుడు నిన్ను ఏమన్నానో
గుర్తుంటే ఉండనీ. వెనక్కి తీసుకోను.

ఇరవయ్యేళ్ళు నీ ప్రహరీ బయటే నిలబడ్డాను,
వాసనొస్తానని.
కాఫీకి పిలిచిన ఇంట్లో నా కప్పు వేరే,
అంచు పగిలింది.
కూతుర్ని చూడ్డానికొచ్చిన రోజు
దూడల కొట్టంలో కూర్చున్నాను,
ఎవరూ చెప్పకుండానే.

ఇప్పుడు తెల్లారగానే పసుపు బేసిన్,
మూతలో సగం బ్లీచింగు, సబ్బు,
వేళ్ళ సందుల్లో పాత గుడ్డ.
ఒక్కో వేలికి ఒక్కో దేవదూత పేరు.
నాకు తెలిసిన పేర్లు తొమ్మిదే,
పదోదానికి చచ్చిపోయిన మా ఆవు పేరు పెట్టాను.
నవ్వుకో.
ఇది ప్రార్థనేనా అని గురువుని అడగలేదు,
కాదంటాడేమోనని.

నయం కాలేదు మరియమ్మా.
వాపు కాస్త తీసింది, అంతే.
ఇది పోయేది కాదట,
నాతోనే మట్టిలోకి వస్తుందట.
నెలనెలా తలుపు తట్టే జ్వరం మాత్రం
ఇప్పుడు దూరపు చుట్టం.

మొన్న కాఫీకి అస్నాకెచ్ నా పక్కన కూర్చుంది,
మూడో విడత దాకా.
ముక్కుకి పైట అడ్డం పెట్టుకోలేదు.
నా కప్పు చేతిలోనే చల్లారిపోయింది.

ఇవాళ నీ పండగ.
నా కొలతకి కుట్టించిన బూట్లు, పడవలంతేసి,
గుమ్మం దగ్గర విప్పాను.
మేజోళ్ళు విప్పనన్నాను.
"యెషారెగ్, నయమైందా?" అన్నాడు మెర్షా గురువు
నా చేతిలో గోనె చూసి.
"లేదు."
"మరి మొక్కు?"
ఏం చెప్పను? ఇచ్చేశాను.

విప్పి చూశాడు.
ఒక మూల ఎలుక కొరికింది.
"మాసికేసి తెస్తా, రేపటిదాకా ఆగండి" అన్నాను.
అంటూనే చూసుకున్నాను
ఎక్కడ నిలబడి ఆ మాటన్నానో.