రెండొందల పదమూడో ఆట

మిల్లు టైమాఫీసులో గుమస్తాని.
హాజరుపట్టీతో పాటు
ఫుట్‌బాల్ టీము రిజిస్టరు కూడా నా మెడకే చుట్టారు.
మిల్లు మూతపడ్డాక బీరువాలు వేలానికి పోయాయి.
ఈ ఎర్రట్ట పుస్తకాన్ని మాత్రం ఎవరూ పాడలేదు.

ముప్పై ఒకటో పేజీ:
ఇజ్జిరోతు దాలినాయుడు. లెఫ్ట్ బ్యాక్.
ఆటలు రెండొందల పన్నెండు. గోల్సు మూడు.
ఇంకొకటి మన గోల్లోకే,
అది ఎర్రసిరాతో.

పుట్టుకతో కుడికాలివాడు.
టీములో ఎడమకాలి మనిషి లేడని
మాస్టారు అన్న ఒక్క మాటకి
చంపావతి ఇసకలో ఒక వేసవంతా
కుడికాలికి గోనెపీలిక కట్టుకుని
ఎడమకాలితోనే తన్నాడు.
ఇంట్లో నీళ్లబిందె కూడా ఎడమకాలితోనే జరుపుతున్నాడని
వాళ్లమ్మ తిట్టిపోసేది.

ఎలా ఆడేవాడంటే చెప్పడం కష్టం.
బంతి అతని వైపు రాకపోవడమే అతని ఆట.
అవతలి వింగువాడు పది నిమిషాలు చూసి, విసిగి,
రెండోపక్కకి పోయేవాడు.
జరగనివాటికి
నా పుస్తకంలో గడి లేదు.

ఏ షిఫ్టు కూత, బీ షిఫ్టు కూత,
ఆ రెండింటి నడుమ అతని వయసు.
స్పిన్నింగులో పీల్చిన జనపనార పొట్టుని
మైదానంలో దగ్గేవాడు.
"గాలి మారతాది బావూ" అనేవాడు.

ఇరవై ఐదో ఏట ఖరగ్‌పూర్ నుంచి కాగితం వచ్చింది.
రైల్వే టీము.
'టెంపరరీ' అనే ముక్క చివర్న సన్నక్షరాల్లో ఉంది.
చదివి వినిపించింది నేనే.
ఆ ముక్క మింగేశాను.

రెండేళ్లు అక్కడ.
తర్వాత కలకత్తాలో రెండో డివిజన్ క్లబ్బేదో,
దాని పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.
పదకొండు ఆటలు, అందులో ఆరు బెంచీ మీంచి లేచినవి.
ఆఖరి నెల జీతం రావాలి.
పాతికేళ్లుగా రావాలి.

పేపర్లో పడ్డది ఒకేసారి,
మిల్లు రోజుల్లోనే, జిల్లా పేజీలో, ఎరువుల ప్రకటన కింద:
"నాయుడు అడ్డుకోవడంతో గండం గడిచింది."
ఆ నాయుడు తనేనని
టీములో మిగతా ముగ్గురు నాయుళ్లూ
తలో కాపీ కొనుక్కున్నారు.

కలకత్తా నుంచి వచ్చేసరికి నెల్లిమర్లలో
గేటుకి లాకౌటు నోటీసు.
బూట్లు మెడలో వేసుకుని దాని ముందు నిలబడి
చాలాసేపు చూశాడు.
ఈసారి చదివి పెట్టమని నన్ను అడగలేదు.

ఆ తర్వాతవన్నీ కిరాయి ఆటలు.
బొబ్బిలికి ఒకనాడు, ఆమదాలవలసకి ఒకనాడు,
ఆటకి మూడొందలూ, ఓ పూట కోడికూరా.
ఒకే టోర్నమెంటులో రెండు ఊళ్లకి ఒప్పేసుకుని
"సెమీసులో నామీద నానే పడతానేటో" అని
లారీ మీద రాత్రంతా నవ్వించాడట.
ముప్పై ఆరో ఏట పలాసలో మోకాలు తిరిగింది.
జీడిపిక్క పగిలినట్టు చప్పుడైందన్నాడు,
అంతకుమించి చెప్పలేదు.
అవేవీ నా పుస్తకంలో లేవు.

రేషను కార్డుల సర్వేకి వచ్చిన కుర్రాడు
వృత్తేమిటని అడిగితే
"లెఫ్ట్ బ్యాక్" అన్నాడట.
కుర్రాడు తలెత్తకుండా
కూలి అని రాసుకున్నాడు.

మొన్న చీకటిపడ్డాక మా ఇంటికొచ్చాడు,
గొడుగు లేకుండా, వానలో.
పుస్తకం తియ్యమన్నాడు. లెక్క తప్పిందన్నాడు.
"పార్వతీపురం ఆట ఎక్కించనేదు నువ్వు.
రెండొందల పదమూడు."

వెతికాను. ఉంది. జూలై నెల.
ఇరవయ్యో నిమిషంలో కుండపోత,
గోలుపోస్టులు కనబడక రిఫరీ ఊదేశాడు.
రద్దయిన ఆట ఆట కాదు దాలీ,
అది రూలు, నేను పెట్టింది కాదు.

వాదించలేదు.
టీగ్లాసు ఎడమకాలి పక్కన పెట్టి
నీళ్లోడుతున్న తలమీద చెయ్యేసుకుని
"తడిసినాను కదేటి" అన్నాడు.

అతను వెళ్లి గంటైంది.
పెన్నుతో రాస్తే తప్పు.
ఒక్క పెన్సిలు ముక్క కోసం
ఇంట్లో డబ్బాలన్నీ బోర్లిస్తున్నాను.