మూడు ఖాళీలు

టార్టులో నవంబరు. మూడున్నరకే చీకటి.
తడి బూట్లు హీటరు పక్కన పెట్టి
మాన్యువల్ తెరిచాను.

సారెమా దీవి నుంచి ఉత్తరం:
"మూడో మెట్టు దాటితే మళ్ళీ ఒకటో మెట్టే వస్తోంది.
బాయిలర్‌ని ఏడుసార్లు ఆర్పి వెలిగించాను.
మీరు రాసినట్టే చేశాను."
కింద సంతకం: హెల్డుర్, బడి కాపలాదారు.

నవ్వొచ్చింది. ఆ తర్వాత రాలేదు.
చల్లబడిపోయిన బడిలో ఒక మనిషి
కాగితాన్ని నమ్మి
గానుగెద్దులా తిరిగాడు.

తప్పు మాటల్లో లేదు.
ఉర్మాస్ మాటలు ఎప్పుడూ గట్టివే.
అంకెలన్నిటికీ ఒకటే వేస్తాడు,
లెక్కపెట్టడం యంత్రం పని అంటాడు.
మూడో మెట్టు కింద ఒక హెచ్చరిక:
ముందు వాల్వు మూయండి.
దాని ముందు ఖాళీ లేదు.
అది గట్టు తెగి ఎడమకి జారింది,
జాబితా అక్కడే ముగిసిందనుకుంది యంత్రం,
నాలుగు మళ్ళీ ఒకటయింది.

ఇంకాస్త కింద, ఎవరో బ్యాక్‌టిక్కులు తెరిచి
మూయడం మరిచారు.
మిగిలిన పేజీ అంతా, క్షమాపణతో సహా,
కోడు వేషం కట్టుకుని నిలబడింది.
అది మూశాను.

హెచ్చరిక ముందు రెండు ఖాళీలు వేశాను.
చాల్లేదు.
మూడు.

ఉర్మాస్ కళ్ళజోడు నుదుటికెత్తి
తెర మీదికి వంగాడు.
"ఏం మార్చావు? ఏమీ కనబడదే!"
"అవును," అన్నాను.

హెల్డుర్ ఇంకా జవాబివ్వలేదు.
బహుశా
ఐదో మెట్టు మీద ఉండి ఉంటాడు.