నేను మింగిన అక్షరం

ఆదోనిలో దుమ్ము తెల్లగా ఉంటుంది
జిన్నింగు మిల్లుల పక్క.
దీపావళి దాటినాక లేస్తుంది,
ఎండలు ముదిరేలోగా అణుగుతుంది.
ఆ అయిదు నెలలూ గేటు దగ్గర రేకుల గదిలో
హాజరు రాసేవాణ్ణి నేను.
ఆడోళ్ళు పేరు చెప్పి లోపలికి పోయేవాళ్ళు.
ఈరమ్మ, గోకారమ్మ, ఉసేన్‌బీ.
"అంపమ్మ" అంది ఒకామె.
అంపమ్మ అనే రాసుకున్నా.
వరసలో వెనక ఇంకా యాభై మంది.

పన్నెండు పత్తికాలాలు
దూది ఎత్తింది, గింజ ఊడ్చింది,
ముక్కుకు కట్టుకున్న కొంగులోకి దగ్గింది.
కూలిలో కోసిన పైసలు
యాడికి పోతున్నాయో ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.

మొన్న యాభై ఎనిమిది నిండితే
గుమస్తా ఆమె ముందర కాగితం పెట్టినాడంట.
"పన్నెండు సార్లు అయిదు నెల్లు. అంటే అయిదేండ్లు.
పింఛనుకు పదేండ్లుండాల.
ఉన్నది ఊడ్చి తీసుకో, ఏలిముద్ర ఎయ్యి."
బొటనవేలు సిరాలో అద్ది
ఎందుకో ఆగింది.
ఆ వేలితోనే యూనియన్ ఆఫీసు మెట్లెక్కింది.
తలుపు మీద ఊదా మచ్చ
ఇంకా ఉంది, చూడొచ్చు.

పాత పుస్తకం తీసి
అక్షరం అక్షరం చదివి వినిపించినా.
సీజను పనోళ్ళకు
ఏడాదిలో చేసింది ఎన్ని నెలలైనా
పింఛను లెక్కలో అది నిండు ఏడాదే.
ఆ వాక్యం రాసిన మనిషి ఎవరో గానీ
రాసేటప్పుడు వాని కిటికీలోంచి
చేను కనబడుతుండాల.
మనం లెక్కబెట్టినట్టే లెక్కబెట్టినాడు,
పంటకొక ఏడు.
"అయితే పన్నెండా?"
పన్నెండు.
ఆమె నవ్వలేదు.
కొంగుతో వేలు తుడుచుకుంది.

అంతటితో అయిపోతే బాగుండు.
నెట్ సెంటరు పిల్లోడు తెర నా వైపు తిప్పినాడు.
"ఆధార్‌లో హంపమ్మ, పీఎఫ్‌లో అంపమ్మ.
ఇద్దరు మనుషులు, పెద్దాయనా."
ఇద్దరు కాదు నాయనా,
ఒక మనిషి, ఒక సోమరి పెన్ను.
ఆమె నాలుక వదిలేసిన హకారాన్ని
నా చదువుకున్న చెవి మింగేసింది.
ఇప్పుడది గొంతులో ఎముక.

దిద్దాలంటే మిల్లు సంతకం కావాల.
నాలుగుసార్లు పోయినాం.
సేటు లేడు, సీలు లేదు,
సీలుంది గానీ సేటు లేడు.
బస్టాండు కాడ ఒకడు మూడువేలిస్తే
రేపే చేయిస్తానన్నాడు.
ఇయ్యలేదు.
కడప నుంచి పీఎఫ్ వాళ్ళొచ్చి
కర్నూల్లో శిబిరం పెడితే
సద్ద రొట్టెలు కట్టుకొని పోయినాం.
చిన్న వయసు ఆఫీసరమ్మ
నా పాత హాజరు పుస్తకం తిరగేసి
"ఈ రాత ఎవరిది?" అంది.
నాదే తల్లీ, తప్పు కూడా నాదే అన్నా.
"మిల్లువాళ్ళు పెట్టకపోతే మేం పిలుస్తాం.
ఈ రసీదు మాత్రం పోగొట్టుకోవద్దు."
ఫీజు ఎంతని అడిగింది హంపమ్మ.
ఏమీ లేదంటే నమ్మలేక
నా మొగం చూసింది.

వచ్చేది వెయ్యి రూపాయల పైన చిల్లర.
ఒక గ్యాసు బండ, బీపీ మాత్రలు.
బస్సులో అడిగింది,
ఒకటో తారీకు ఇంటికొచ్చి ఇచ్చేది గూడా
నాకొస్తాదా అని.
అది సర్కారుది, ఇది నీ చెమటది,
రెండూ పొసుగుతాయో లేదో నాకు తెలీదు,
సచివాలయంలో అడుగుదాం అన్నా.
తెలీదు అనడం
ముసలితనంలో నేర్చుకున్నా.
గేటు కాడ ఉన్నప్పుడు
అన్నీ తెలిసినట్టే రాసేవాణ్ణి.

రసీదు ఆమె రవికలో ఉంది.
ఉత్తరం ఇంకా రాలేదు.

నిన్న గోకారమ్మ వచ్చింది.
కూర్చోమని నీళ్ళిచ్చి
పేరు చెప్పమన్నా.
"నీకు తెల్దా?" అంది.
మళ్ళీ చెప్పు అన్నా.
పెన్ను మూత తీయకుండా
ఆమె నోటినే చూస్తా ఉన్నా.